మందుకీ మందుకీ పడదట!

మాత్ర మానేశారు. అది ఒంట్లోంచి ఎప్పుడు పోతుంది? రేపో, ఎల్లుండో అంటారు కదూ! పుట్టుకతో ఒళ్లంతా చేప పొలుసుల్లా లేచే జబ్బు ఒకటుంది. పేరు ఇక్తియోసిస్. దానికి ఇచ్చే మాత్రల్లో ఒకటి అసిట్రెటిన్. అది ఆపాక ఆడవాళ్లు గర్భం రాకుండా ఎన్నాళ్లు జాగ్రత్తపడాలో తెలుసా? 3 ఏళ్లు! నెలలు కాదండీ, ఏళ్లు!

చిత్రం చూడండి. ఆ మాత్ర నిజానికి ఒంట్లో ఎక్కువ కాలం ఉండే రకం కాదు! సగం మందు 2 రోజుల్లోనే పోతుంది. మరి పేచీ ఎక్కడ? గ్లాసులో! మద్యం తోడైందంటే ఈ అసిట్రెటిన్ కాస్తా ఎట్రెటినేట్‌గా మారిపోతుంది. అది వెళ్లి కొవ్వులో కాపురం పెడుతుంది. అందులో సగం ఖాళీ చెయ్యడానికే దాదాపు 120 రోజులు! రెండ్రోజులు ఉండి పోదామని వచ్చిన చుట్టం ఇంట్లో తిష్ట వేసినట్టే. మనం మాత్రనీ మందే అంటాం, మద్యాన్నీ మందే అంటాం. ఈ మందుకీ ఆ మందుకీ మాత్రం చస్తే పడదు!

ఒకావిడ ఎప్పుడో ఒకసారి కాస్త పుచ్చుకునేవారట. మాత్ర మానేశాక పరీక్ష చేస్తే, చర్మం కింది కొవ్వులో ఎట్రెటినేట్ ఇంకా ఉంది! ఎన్నాళ్ల తర్వాతో ఊహించండి. 52 నెలలు!

‘మాకా అలవాటు లేదు’ అంటారా? ఆగండాగండి! ఇంట్లో అశోకారిష్టం సీసా ఉందేమో చూడండి. ఉంటే లేబుల్ తిప్పి, ఆ చిన్న అక్షరాలు చదవండి. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. వాటిలో ఆల్కహాలు దానంతటదే పుడుతుంది. మామూలుగా 5 నుంచి 10 శాతం దాకా! నెలసరి సరిగ్గా రావడం లేదని అమ్మమ్మ మూతతో కొలిచి పోసేది దీన్నే. ‘మద్యం తీసుకుంటారా?’ అని డాక్టరు అడిగితే ఏ ఆడపిల్ల అయినా లేదనే చెబుతుంది. పాపం, అబద్ధమేమీ కాదు. సీసా సంగతి తట్టదంతే!

ఇంకో వింత. ఈ మాత్ర వేసుకున్న మగవాళ్లు కూడా రక్తదానం చెయ్యకూడదు! ఆపాక మరో 3 ఏళ్ల దాకా! ఎందుకో తెలుసా? ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో ఎవరికి తెలుసు!

ఇంత భయం దేనికి? అసిట్రెటిన్, ఎట్రెటినేట్ రెండూ విటమిన్ ఎ చుట్టాలు. కడుపులో బిడ్డ చెవులు, ముఖం, గుండె, మెదడు రూపుకట్టే వేళ అడ్డుపడతాయి. ఆ వేళ ఎంత తొందరగా వస్తుందంటే, మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది! అప్పటికి చాలామంది తల్లులకు గర్భం సంగతే తెలిసి ఉండకపోవచ్చు. అందుకే ముందు గర్భ పరీక్ష, ఆ తర్వాతే మాత్ర!

మరి పిల్లలు కావాలనుకునే అమ్మాయి సంగతి? దారి ఉంది! మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మీరు వినే ఉంటారు. అది ఈ పొలుసుల జబ్బుకూ పనిచేస్తుంది. గర్భంలో బిడ్డకు అదీ ప్రమాదమే. కానీ ఆపాక ఆగాల్సింది 1 నెలే! మూడేళ్లెక్కడ, నెలెక్కడ!

అమెరికాలో 1988 నుంచి ఈ ఐసోట్రెటినాయిన్ అట్ట మీద ఒక బొమ్మ వేశారు. నిండు చూలాలు, ఆమె మీద అడ్డగీత. ‘గర్భిణులు వాడొద్దు’ అని అర్థం. కొందరు ఆడవాళ్లు ఏమనుకున్నారో తెలుసా? ఇది వేసుకుంటే గర్భం రాదని! బొమ్మ గీసినవాళ్లు తలపట్టుకుని ఉంటారు!

అసలు సిసలు వింత ఇప్పుడు చెబుతా! ఇక్తియోసిస్‌లో మగపిల్లలకు వచ్చే రకం ఒకటుంది. సుమారు 2 వేల నుంచి 6 వేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. తల్లి ఒంటి మీద చూడబోతే ఒక్క పొలుసుండదు! కానీ కడుపులో ఆ బాబు ఉంటే ఆమెకు నొప్పులు సమయానికి మొదలుకాకపోవచ్చు. బిడ్డకు లేని ఎంజైమ్ మాయలోనూ ఉండదు. దాంతో తల్లిలో ఒక హార్మోను తగ్గిపోతుంది. బిడ్డ చర్మం జబ్బు అమ్మ పురుడును ఆపుతుందన్నమాట!

మళ్లీ మన మాత్ర దగ్గరికి వద్దాం. అది ఆపితే పొలుసులు కొన్ని వారాల్లోనే తిరిగొస్తాయి. గర్భంతో ఉన్నన్నాళ్లూ ఎలా? యూరియా! అవును, పొలంలో చల్లే యూరియానే! మన చర్మం తడి ఆరకుండా కాపాడే వాటిలో అదీ ఒకటి. 10 శాతం యూరియా ఉన్న క్రీము స్నానం కాగానే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే రాస్తే పొలుసు మెత్తబడుతుంది. బస్తా విప్పేరు సుమా, అది వేరు! సాలిసిలిక్ ఆమ్లం కలిసిన క్రీములు మాత్రం ఆ నెలల్లో ఒళ్లంతా పట్టించకూడదు.

మీ ఇంట్లో ఎవరైనా అసిట్రెటిన్ ఆపేశారా? ఆఖరి మాత్ర వేసుకున్న తేదీకి క్యాలెండర్‌లో సున్నా చుట్టండి. మద్యం గానీ, అరిష్టం గానీ ఆ రోజు నుంచి మరో 2 నెలలు ముట్టకూడదు. మూడేళ్ల లెక్కా ఆ సున్నా నుంచే!