మాతృక ఒకటి – బల్లలు అనేకం

తిరుత్తణి స్టేషన్‌లోనో, అరక్కోణం స్టేషన్‌లోనో రైలు టిక్కెట్టు కోసం వరుసలో నిలబడినప్పుడు కౌంటర్ లోపలికి ఎప్పుడైనా తేరిపార చూశారా? గుమాస్తా ముందు ఒక తెర, అక్షరాల మీటలున్న ఒక పలక, టిక్కెట్టు అచ్చువేసే ఒక చిన్న యంత్రం ఉంటాయి. మనం వెళ్లవలసిన ఊరి పేరు, తేదీ చెబుతాం. ఆయన మీటలు నొక్కుతారు. ఏ బండిలో ఎన్ని బెర్తులు ఖాళీగా ఉన్నాయో వెంటనే తెరమీద కనిపిస్తుంది. కాని ఆ లెక్క ఆయన బల్లమీది యంత్రంలో లేదు. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్‌లో ఉన్నది. అందుచేతనే ఇక్కడ అమ్మిన బెర్తు సికింద్రాబాదులో మళ్లీ ఖాళీగా కనిపించదు.

మన దేశంలో రైల్వే రిజర్వేషన్లకు కంప్యూటర్లను వాడడం 1985లో ఢిల్లీలో మొదలైంది. ఆ తొలి పద్ధతిని సి.ఎం.సి. అనే ప్రభుత్వరంగ సంస్థ రూపొందించింది. తరువాత రైల్వేల సంస్థ అయిన 'క్రిస్' తయారుచేసిన 'కాన్సర్ట్' అనే పద్ధతి 1994లో మొట్టమొదట సికింద్రాబాదులో అమలులోకి వచ్చింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

ఇందులో ఒక సూత్రం ఉన్నది. బల్ల ఒకచోట, పని జరిగేది మరొకచోట. ఈ సూత్రాన్ని ఒక్క టిక్కెట్లకే గాక, కార్యాలయంలో బల్లమీద జరిగే పని అంతటికీ విస్తరింపజేస్తే, దానినే 'వర్చువల్ డెస్క్‌టాప్' పద్ధతి అంటారు. ఈనాడు అనేక కంపెనీలు, బ్యాంకులు ఈ పద్ధతిలో పనిచేస్తున్నాయి. మీలో కొందరు రేపు ఇటువంటి బల్ల ముందే కూర్చోవచ్చు. అందుచేత దీనిని గురించి తెలుసుకొందాం.

పాత ఆలోచన – కొత్త రూపం

కంప్యూటర్లు తొలినాళ్లలో గదులంత పెద్దవి. వెల కూడా అంత పెద్దదే. ఒక్కొక్కరికి ఒక్కొక్క యంత్రం అన్న మాటే లేదు. కనుక ఒకే యంత్రాన్ని అనేకులు పంచుకొనే మార్గాలు వెదికారు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో, అనేకులు ఒకే కాలంలో ఒకే కంప్యూటర్‌ను వాడుకొనే పద్ధతిని చూపించారు. 1972లో ఐ.బి.ఎం. సంస్థ ఒకే యంత్రాన్ని, లోపల అనేక వేరు వేరు యంత్రాలు ఉన్నట్లుగా విభజించి చూపే ఏర్పాటును ప్రకటించింది. మన ప్రాంతానికి దగ్గరలో, మద్రాసు ఐ.ఐ.టి.కి 1973లో వచ్చిన ఐ.బి.ఎం. 370 కంప్యూటర్‌ను కూడా ఎందరో పరిశోధకులు, విద్యార్థులు పంచుకొనే వాడుకొన్నారు.

1980 తరువాత చిన్న కంప్యూటర్లు చవకగా వచ్చాయి. ప్రతి బల్లమీదా ఒక సొంత యంత్రం వెలిసింది. దానితో స్వేచ్ఛ వచ్చింది, చిక్కులూ వచ్చాయి. ఐదువందల మంది ఉన్న కార్యాలయంలో ఐదువందల యంత్రాలను బాగుచేయాలి, ఐదువందల చోట్ల కొత్త ప్రోగ్రాములు ఎక్కించాలి, ఐదువందల చోట్ల దస్త్రాలను కాపాడాలి. ఒక యంత్రం పాడైతే అందులోని పనీ పోయేది. అందుచేత 2000 సంవత్సరం తరువాత నిపుణులు పాత ఆలోచనవైపు మళ్లీ చూశారు. అప్పటికి తీగలు వేగవంతమయ్యాయి. పెద్ద యంత్రాలు శక్తిమంతమయ్యాయి.

సత్రం వంటి ఏర్పాటు

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక పోలికతో చూద్దాం. తిరుత్తణి కొండకు వచ్చే యాత్రికులు సత్రంలో దిగుతారు. సత్రం భవనం ఒక్కటే, గదులు అనేకం. ఒక గదిలోనివారికి పక్క గదిలో ఏమున్నదో తెలియదు. ఎవరికి ఏ గది ఇవ్వాలో, ఎవరికి ఎంత నీరు అందాలో సత్రం మేనేజరు చూసుకొంటాడు.

ఇక్కడ భవనం వంటిది 'సర్వర్' అనే పెద్ద కంప్యూటర్. గదుల వంటివి అందులోని వర్చువల్ డెస్క్‌టాప్‌లు. మేనేజరు వంటిది 'హైపర్‌వైజర్' అనే ప్రోగ్రాము. ఉద్యోగి ముందున్న చిన్న యంత్రం గదికి తలుపు మాత్రమే. ఉద్యోగి నొక్కిన మీటల సంకేతాలు తీగ వెంట సర్వర్‌కు పోతాయి. సర్వర్ తయారుచేసిన తెర బొమ్మ తిరిగి వస్తుంది. దస్త్రం సర్వర్‌ను విడిచి రాదు. వచ్చేది దాని బొమ్మ మాత్రమే.

గదులు రెండు రకాలు. కొందరికి ఎప్పుడూ అదే గది. వారు పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంటుంది. మరికొందరికి ప్రతి ఉదయం శుభ్రంగా ఊడ్చిన కొత్త గది. వారి సొంత దస్త్రాలు వేరొక పెట్టెలో భద్రపరచి, రాగానే చేతికి ఇస్తారు. లెక్కలు రాసేవారికి, ఫోనులో జవాబు చెప్పేవారికి రెండవ రకం సరిపోతుంది. కొత్త ప్రోగ్రాములు తయారుచేసేవారికి సాధారణంగా మొదటి రకం కావాలి.

ఒక సర్వర్‌లో ఎన్ని గదులు పడతాయి? ఒక చిన్న లెక్క చేద్దాం. సర్వర్ జ్ఞాపకశక్తి 256 గిగాబైట్లు అనుకొందాం. ఒక్కొక్కరికి 8 గిగాబైట్ల చొప్పున 32 మందికి వస్తుంది. కాని మేనేజరుకూ కొంత చోటు కావాలి. హఠాత్తుగా వచ్చే రద్దీకీ కొంత విడిచిపెట్టాలి. కనుక 28 మందికి మించి ఇవ్వకపోవడం మంచిది.

దూరం కూడా లెక్కే

కాంతి గాజు తీగలో సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ చెన్నైలో ఉంటే, తిరుత్తణి నుండి సంకేతం పోయి రావడానికి సెకనులో వెయ్యవ వంతు చాలు. హైదరాబాదులో ఉంటే అందుకు ఐదారు రెట్లు. సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే పోను రాను 27 వేల కిలోమీటర్లు దాటుతుంది. సెకనులో ఏడవ వంతు ప్రయాణానికే పోతుంది. దారిలోని యంత్రాల వద్ద ఆగే కాలం దీనికి అదనం. అక్షరం నొక్కిన తరువాత తెరమీద కనపడడానికి అంత ఆలస్యమైతే చేయి తడబడుతుంది. రోజంతా పనిచేసేవారికి విసుగు కలుగుతుంది. అందుచేత సర్వర్ ఉద్యోగికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

కష్టకాలంలో ఉపయోగం

2015 డిసెంబరు మొదటి వారంలో చెన్నై వరదలలో అనేక కార్యాలయాలకు ఉద్యోగులు చేరలేకపోయారు. యంత్రాలు ఉన్నాయి, వాటి ముందు కూర్చొనే మనుషులు లేరు. కొన్ని కంపెనీలు ఉద్యోగులను బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాలకు పంపి పని సాగించాయి.

ఇంతకంటె పెద్ద పరీక్ష 2020లో వచ్చింది. అంతకుముందు, ఇతర సంస్థలకు ఫోను ద్వారా, కంప్యూటర్ ద్వారా సేవలందించే కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుండి పనిచేయించాలంటే కఠినమైన నిబంధనలు ఉండేవి. 2020 మార్చి 13న కేంద్ర టెలికాం శాఖ వాటిని తాత్కాలికంగా సడలించింది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైదరాబాదు హైటెక్ సిటీలోనూ, చెన్నై పాత మహాబలిపురం రోడ్డులోనూ పెద్ద పెద్ద భవనాలు నిర్మానుష్యమయ్యాయి. కొన్ని కంపెనీలు బల్లమీది యంత్రాలనే వాహనాలకెక్కించి ఉద్యోగుల ఇళ్లకు చేర్చాయి. వర్చువల్ డెస్క్‌టాప్ ఉన్నవారికి ఆ శ్రమ లేకపోయింది. ఇంట్లోని యంత్రంతోనే తలుపు తెరిచి తమ గదిలోకి ప్రవేశించగలిగారు. ఆ సంవత్సరం నవంబరు 5న ప్రభుత్వం ఆ నిబంధనలను శాశ్వతంగా సరళం చేసింది.

ఇంకొక మేలు కలదు. దస్త్రం సర్వర్‌లోనే ఉంటుంది గనుక, ఉద్యోగి యంత్రాన్ని రైలులో ఎవరైనా దొంగిలించినా అందులో కార్యాలయ రహస్యం దొరకదు. బల్లమీది చిన్న యంత్రానికి పది పదిహేను వాట్ల విద్యుత్తు చాలు. అయితే సర్వర్‌కూ, దానిని చల్లబరచడానికీ అయ్యే విద్యుత్తును లెక్కలో కలపకుండా పొదుపు అయిందని చెప్పకూడదు.

తీగ తెగితే?

ప్రతి సౌకర్యం వెంటా ఒక చిక్కు ఉంటుంది. సొంత యంత్రం చెడితే ఒకరి పని ఆగుతుంది. సర్వర్ ఆగినా, తీగ తెగినా అందరి పనీ ఆగుతుంది. ఉదయం తొమ్మిదిన్నరకు అందరూ ఒక్కసారిగా లోపలికి వస్తే, ఆడికృత్తిక నాడు కొండమెట్ల మీది రద్దీ వంటిది సర్వర్ మీద ఏర్పడుతుంది. ముందుగా కొన్ని గదులు సిద్ధం చేసి ఉంచితే తప్ప అందరూ ఆలస్యానికి గురవుతారు.

ఒకచోట జరిగిన పొరపాటు ఎంత దూరం పాకుతుందో 2024 జూలై 19న ప్రపంచం చూసింది. కంప్యూటర్లకు రక్షణనిచ్చే ఒక ప్రోగ్రాములో చేసిన తప్పు మార్పు వల్ల దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఒకేరోజు నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ యంత్రాలలో ఎక్కువ భాగం వర్చువల్ డెస్క్‌టాప్‌లు కావు. అయినా పాఠం ఒక్కటే: ఒకే చేయి అందరికీ అన్నం వడ్డిస్తున్నప్పుడు ఆ చేయి మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆనాడు ఆదుకొన్నది కాగితం, కలం. వాటిని వాడడం మరచిపోని ఉద్యోగులు ప్రతి కార్యాలయంలోనూ ఉండాలి.

మాతృక ఎవరిది?

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. సర్వర్‌లోని ఒక్కొక్క గదిని విడివిడిగా అమర్చరు. ఒక నమూనా గదిని సిద్ధం చేసి, దానికి నకళ్లు తీస్తారు. ఆ నమూనానే మాతృక అనవచ్చు. మాతృకలో ఏది ఉంటే అది అందరికీ ఉంటుంది. అందులో లేనిది ఎవరికీ ఉండదు. బల్ల ముందు కూర్చొన్నవారు సాధారణంగా తమంతట తాము దానిని చేర్చుకోలేరు.

ఒక ఉదాహరణ చూద్దాం. తిరుత్తణిలో ఒక లెక్కల కార్యాలయం ఉన్నదనుకొందాం. దాని ప్రధాన కార్యాలయం వేరొక నగరంలో ఉన్నది. ఇక్కడి ఉద్యోగిని నగరిలోని ఒక బట్టల వ్యాపారికి తెలుగులో ఉత్తరం రాయాలి. పూర్వం తన యంత్రంలో తెలుగు అక్షరాలు తానే అమర్చుకొనేది. ఇప్పుడు మాతృకలో తెలుగు లేదు. తెలుగు లిపికి 1991 నుండే యూనికోడ్‌లో స్థానం ఉన్నది. యంత్రానికి తెలుగు రాకపోవడం లేదు. మాతృకను సిద్ధం చేసినవారికి ఆ అవసరం తట్టలేదు, అంతే. ఆమె అడిగితే, వారు ఒక్కసారి తెలుగును చేర్చితే, మర్నాటి ఉదయానికి ఆ సంస్థలోని అందరి బల్లమీదికీ తెలుగు వస్తుంది. అడగకపోతే ఎవరి బల్లమీదికీ రాదు.

మన తాలూకా వారికి ఇది కొత్త అనుభవం కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇళ్లు కదలలేదు, కొండ కదలలేదు. దస్త్రాలు మాత్రం ఒక జిల్లా కార్యాలయం నుండి మరొక జిల్లా కార్యాలయానికి కదిలాయి. నిర్ణయాలు జరిగేచోటు దూరమైనప్పుడు, మన అవసరాన్ని మనమే నోరు తెరిచి చెప్పాలి.

ప్రవేశపెట్టే పద్ధతి

కనుక ఈ పద్ధతిని అవలంబించే కార్యాలయం తొందరపడకూడదు. మొదట ఎవరు ఏ పని చేస్తున్నారో, ఏ భాషలో చేస్తున్నారో వారినే అడిగి తెలుసుకోవాలి. పదిమందితో ఒక నెల పరీక్షించాలి. వారు చెప్పిన లోపాలను మాతృకలో సరిదిద్దిన తరువాతనే మిగిలినవారికి విస్తరించాలి. ఇంటర్నెట్టును ఒకే సంస్థ నుండి గాక, వేరు వేరు దారులలో వచ్చేటట్లు ఇద్దరి వద్ద తీసుకోవాలి. సర్వర్‌లోని దస్త్రాలకు మరొక ఊరిలో నకలు ఉంచాలి. అత్యవసర సమయంలో కాగితం మీద ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టాలి.

ఉద్యోగి గదిలోకి ఎప్పుడు వచ్చిందీ, ఎప్పుడు వెళ్లిందీ సర్వర్ నమోదు చేయగలదు. ఏమేమి నమోదవుతున్నదో ఉద్యోగులకు ముందుగా తెలియజేయడం యాజమాన్యం ధర్మం. నమ్మకం లేనిచోట ఎంత మంచి యంత్రమైనా కాపలాదారుగానే కనబడుతుంది.

తెల్లవారుజామున రైలెక్కి చెన్నైకి పోయి, చీకటిపడ్డాక ఇల్లు చేరే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరి పనినైనా ఇంటికి దగ్గరగా తేగల శక్తి ఈ పద్ధతికి ఉన్నది. ఆ శక్తి అందరికీ మేలు చేయాలంటే, యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిసినవారు, తమకేమి కావాలో మర్యాదగా, స్పష్టంగా అడగగలవారు ఉండాలి. చదువు ఉన్నది ఆ రెంటికోసమే గదా!

పదాలు – అర్థాలు

మాతృక = నకళ్లకు మూలమైన ప్రతి
దస్త్రం = కార్యాలయపు కాగితాల కట్ట; కంప్యూటర్‌లో భద్రపరచిన సమాచారం
నకలు = మూలాన్ని చూసి తీసిన ప్రతి
రమారమి = ఇంచుమించు
నిర్మానుష్యం = మనుషులు లేనిది
అవలంబించు = అనుసరించు

ప్రశ్నలు

1. రైలు టిక్కెట్టు కౌంటర్‌కూ, వర్చువల్ డెస్క్‌టాప్‌కూ గల పోలిక ఏమి?
2. సర్వర్‌ను సత్రంతో ఎందుకు పోల్చారు? పోలికను వివరించండి.
3. సర్వర్ జ్ఞాపకశక్తి 512 గిగాబైట్లు. ఒక్కొక్కరికి 16 గిగాబైట్లు ఇవ్వాలి. మేనేజరుకూ రద్దీకీ 64 గిగాబైట్లు విడిచిపెడితే ఎందరికి ఇవ్వవచ్చు?
4. 'మాతృకలో లేనిది ఎవరికీ ఉండదు' – ఈ వాక్యాన్ని ఉదాహరణతో సమర్థించండి.
5. సంధి విడదీసి, పేరు తెలపండి: కార్యాలయం, అత్యవసరం.

చేసి చూడండి: మీ ఊరి బ్యాంకుకో, తపాలా కార్యాలయానికో పెద్దలతో కలిసి వెళ్లండి. ఇంటర్నెట్టు ఆగిపోయిన రోజున అక్కడ పని ఎలా సాగుతుందో అడిగి తెలుసుకొని, పది వాక్యాలలో రాయండి.