మేమెంతో మాకంత

మా తొగుట దిక్కు ఎవరిని కదిలించినా మల్లన్న సాగర్ జలాశయం‌ల నీళ్ల లెక్కే చెప్తరు, నిండితే 50 టీఎంసీలని. మా మనుమరాలికి మాత్రం గొర్రెల లెక్క కాడ చిక్కుపడ్డది. మందలో గొర్రెలు పొట్టేళ్లకు 20 రెట్లు ఉన్నాయట, సమీకరణం రాయాలట. అది "20 గొ = పొ" అని రాసుకొచ్చింది.

"రెండు పొట్టేళ్లుంటే గొర్రెలెన్ని బిడ్డా?"

"నలభై."

"మరి నువ్వు రాసిన దాంట్ల ఏసి చూడు."

20 సార్లు 40 అంటే 800. "ఎనిమిది వందల పొట్టేళ్లా తాతా!" అని అదే నవ్వింది.

నవ్వుకున్నాం గానీ, చిన్నపిల్లలు మాత్రమే చేసే తప్పు కాదిది. 1980ల మొదట్లో అమెరికాలో ఇంజనీరింగ్ పిల్లలకు ఇలాంటిదే ఇచ్చారు, ప్రొఫెసర్ల కన్నా విద్యార్థులు ఆరు రెట్లని. మూడో వంతు మందికి పైగా తప్పు రాశారు. మాట ఎట్ల వినబడితే అట్ల అక్షరాలు పేర్చుకుంటూ పోవడమే చిక్కు. గొ అంటే గొర్రె కాదు, గొర్రెలెన్ని అనే సంఖ్య. తక్కువున్న పొట్టేళ్లను ఇరవైతో పెంచితేనే గొర్రెలతో సరితూగుతయి: గొ = 20 పొ.

ఒక సంగతిలో మన భాష మేలు. "ఒక సంఖ్య కంటే 5 తక్కువ" అంటే విన్న వరుసలోనే సం − 5 అని రాసుకోవచ్చు. ఇంగ్లీషులో ముందు ఐదు వినబడుతుంది, పిల్ల 5 − సం అని రాసేస్తది.

మా చిన్నప్పుడు అరుగుల మీద విన్న పక్షుల లెక్క చెప్పిన. "మీరు వందమందా?" అని ఒకడడిగితే పక్షులు అంటయి: కాదు, మేమెంతో మాకంత, అందులో సగం, ఆ సగంలో సగం, నువ్వొకనివి కలిస్తే వంద. పక్షులు 'ప' అనుకో. ప, మరో ప, ప లో సగం, పావు; ఆపైన ఒకటి. రెండుమ్ముప్పావు ప లు 99కి సమానం, ప అంటే 36.

ఆ "ఎంతో అంత" ఉన్నదే, భాస్కరాచార్యుడు బీజగణితంలో తెలియని సంఖ్యకు వాడిన పేరు సరిగ్గా అదే: యావత్తావత్. పొట్టిగా "యా". రెండో తెలియనిదాని నుంచి రంగుల పేర్లు, కాలకం, నీలకం అని. మన ఎక్స్, వైల పని అవే చేసినయి. అంతకుముందే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఈ మల్లనకూ మా సాగర్‌కూ చుట్టరికం లేదు సుమా! లెక్క ఎక్కువగా మాటల్లోనే నడిచే రోజులవి. సమానం గుర్తు ఇంగ్లండులో పుట్టిందే 1557లో.

పడుకునే ముందు ఇంకొకటిచ్చిన. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెద మిగిలింది. రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది. తెల్లారి చూస్తే నోటుబుక్కుల ఒక్క వరుసే ఉంది: తు = పూ + 1. రెండో వరుస రాయకుండనే బడికి ఉరికింది. మీరన్నా రాయండి.