అపోహలు – వాస్తవాలు: ఎదురెళ్తే భద్రమా?

ఆగిరిపల్లి వైపు మా బంధువుల కుర్రాడొకడు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లాడు. వాడికి సైకిలంటే ప్రాణం. చదువుకున్నన్నాళ్లూ ఆదివారం తెల్లవారకముందే లేచి నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్ దాకా తొక్కి, టీ తాగి, ఎండెక్కేలోపు ఇల్లు చేరేవాడు. సిటీకి వెళ్తూ కూడా దాన్ని వదల్లేదు. మూడో వారంలో ఫోనొచ్చింది. ఓ సందులోంచి బయటికొచ్చిన మోటారు సైకిల్ గుద్దేసి కాలర్ బోన్ విరిగిందట. ఆసుపత్రి మంచం మీంచి వాడన్న మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు: "బాబాయ్, నా తప్పేం లేదు. నాన్న చెప్పినట్టే వచ్చే బండ్లు కనపడేలా ఎదురుగా వెళ్తున్నా. వాడే చూసుకోలేదు."

రోడ్డుకి తప్పు పక్కన వెళ్తూ అదే సరైన పద్ధతని నమ్మాడు వాడు. ఆ మాట తండ్రి చెప్పింది ప్రేమతోనే. నూజివీడు, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు ఎవరింట్లోనైనా సిటీకెళ్లే పిల్లాడికి సైకిలుంటే ఈ మాటే చెబుతున్నారు. "వెనకనుంచి గుద్దేది మనకి కనపడదు, ఎదురుగా వస్తే తప్పుకోవచ్చు." వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. అందుకే సిటీలో సైకిల్ గురించి చెప్పుకునే మిగతా పుకార్లకన్నా ఇది ఎక్కువ చేటు చేస్తోంది. పిల్లల ఎముకలు విరుగుతున్నాయి కాబట్టి దీని సంగతే ముందు తేల్చుకుందాం.

ఈ మాట పుట్టింది నడిచేవాళ్ల దగ్గర. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు కుడి పక్కన, వచ్చే బండ్లకి ఎదురుగా నడవాలని బళ్లో మనందరికీ చెప్పారు. అది సరైనదే. మామిడి సీజన్లో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, కాయల లోడు ట్రాక్టర్లు, లారీలు చీకట్లో తిరిగే మన రోడ్ల మీద ఆ అలవాటు ఎన్ని ప్రాణాలు కాపాడిందో. నడిచేవాడు బండిని చూడగానే ఒక్క అడుగు పక్కకేస్తే మట్టి మార్జిన్లో ఉంటాడు, ఆపైన తోట కంచె. నిలబడిపోవడానికి వాడికి అర సెకను చాలు.

సైకిల్ మీదున్నవాడు పక్కకి అడుగు వేయలేడు. నిలబడాలంటే ముందు బ్రేకు పట్టాలి, అది పట్టుకోవడానికి కొన్ని గజాలు కావాలి. సిటీలో పక్కకి తప్పుకుందామన్నా మట్టి మార్జిన్ ఉండదు. ఎత్తయిన ఫుట్‌పాత్ రాయి, ఆపి ఉంచిన కార్లు, కొబ్బరిబొండాల బండి ఉంటాయి. మన ఊళ్లో ప్రాణం కాపాడేది ఆ మార్జినే. అది లేని చోటికి మన అలవాటొక్కటే తీసుకెళ్తున్నాం.

ఒకసారి లెక్క వేయండి. మీ సైకిల్ గంటకి 15 కిలోమీటర్లు, మోటారు సైకిల్ 40. ఇద్దరూ ఒకే వైపు వెళ్తుంటే అది మిమ్మల్ని సమీపించే వేగం 25. ఎదురెదురుగా వస్తుంటే 55. మధ్యలో 50 మీటర్లు ఉన్నాయనుకుందాం. ఒకే వైపైతే మిమ్మల్ని చూసి తగ్గడానికో, పక్కనుంచి దాటడానికో అతనికి ఏడు సెకన్లు ఉంటాయి. ఎదురైతే మూడు సెకన్ల చిల్లర. ఢీకొన్నప్పటి దెబ్బ వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే 25కీ 55కీ మధ్య తేడా దాదాపు ఐదు రెట్లు. పైగా వెనకనుంచి వచ్చేవాడికి సందు దొరక్కపోతే మీ వేగానికి తగ్గి మీ వెనకే కాసేపు రావచ్చు. ఎదురుగా వచ్చేవాడికి ఆ వీలు లేదు. ఇద్దరిలో ఒకరు పూర్తిగా ఆగాలి, లేదా నడిరోడ్డులోకి తిరగాలి. నడిరోడ్డులోకి తిరిగేది ఎక్కువగా సైకిల్ వాడే. అక్కడ వాడి వెనక ఏముందో వాడికి తెలియదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం సందుల దగ్గర ఉంది. మావాడికి జరిగింది అదే. మనం రోడ్డుకి ఎడమవైపు వెళ్లేవాళ్లం. సందులోంచి పెద్ద రోడ్డు మీదికి ఎడమకి తిరిగేవాడికి బండ్లు వచ్చేది కుడివైపు నుంచి. అందుకని వాడు కుడివైపే చూస్తాడు. సందు దొరగ్గానే ఎడమకి తిప్పి యాక్సిలరేటర్ ఇస్తాడు. సరిగ్గా ఆ ఎడమవైపు నుంచే మన ఎదురు సైకిల్ వస్తుంది. ఆ మోటారు సైకిల్ అతను ఆఖరి క్షణం దాకా కుడివైపే చూస్తున్నాడని మావాడే చెప్పాడు. అతన్ని తిట్టి లాభం లేదు. ఎవరూ రావడానికి వీల్లేని దిక్కునుంచి మనం వస్తే చూడని వాడిది తప్పెలా అవుతుంది? వచ్చే బండ్లు మనకి కనపడటం ముఖ్యమే, కానీ మనం వాళ్లు చూసే చోట ఉండటం అంతకన్నా ముఖ్యం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం పాలో ఆల్టోలో కూడళ్ల దగ్గర సైకిల్ ప్రమాదాలను పరిశీలించి 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. దారికి ఎదురుగా వెళ్లేవాళ్లకి ప్రమాదం సరైన దిక్కున వెళ్లేవాళ్లకన్నా 3.6 రెట్లు ఎక్కువని తేలింది. అక్కడివాళ్లు రోడ్డుకి కుడివైపు వెళ్తారు, మనం ఎడమవైపు. అంతే తేడా, అద్దంలో బొమ్మ తిరగబడినట్టు. సందులోంచి వచ్చేవాడు ఎటు చూస్తాడన్న సంగతి అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

హైదరాబాద్‌లో ఈ నమ్మకానికి యూటర్న్ తోడైంది. చాలా కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. ఎదుటి పక్క ఆఫీసుకి చేరాలంటే ఎంతో దూరం వెళ్లి తిరిగి రావాలి. మోటారు సైకిళ్ల వాళ్లు రాంగ్ రూట్లో రావడం చూసి, నాన్న చెప్పింది గుర్తొచ్చి, మనవాడు ధైర్యంగా దూరిపోతాడు. ఆ దూరం తొక్కలేకపోతే దిగండి. సైకిల్ దిగి పక్కన నడిపించుకుంటూ ఫుట్‌పాత్ మీద వెళ్లేవాడు పాదచారే. అప్పుడు ఎదురుగా నడవొచ్చు, రోడ్డు దాటొచ్చు. మూడు నిమిషాలు ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

వెనకనుంచి గుద్దుతారన్న భయం ఉత్తదని మాత్రం నేననను. వెలుతురు లేని హైవే మీద, రాత్రిపూట, వెనక లైటు లేని సైకిల్‌ని లారీ గుద్దేసిన సంగతులు మనందరికీ తెలుసు. ఆ భయానికి మందు వేరే ఉంది. సైకిల్ వెనక ఎర్రగా మిణుకుమనే లైటు పెట్టండి, ముందు తెల్ల లైటు. పెడళ్లకి, మడ్‌గార్డుకి రేడియం స్టిక్కర్లు అంటించండి. హ్యాండిల్‌కి కుడివైపు చిన్న అద్దం బిగించండి, వెనక ఏముందో అదే చెబుతుంది. రోడ్డు అంచు పట్టుకుని డ్రైనేజీ మూతల మీద తొక్కకండి. అంచునుంచి ఓ మీటరు లోపలికి ఉంటే వెనకవాడికి కనపడతారు. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు, తలుపు హఠాత్తుగా తెరుచుకున్నా తగలనంత ఎడం ఉంచండి. కూడలిలో ఎడమకి తిరగబోయే బస్సుకి ఎడమ పక్కన ఎట్టి పరిస్థితిలోనూ దూరొద్దు. డ్రైవరుకి మీరు కనపడరు.

ఇంకో మాట కూడా ఊళ్లో బలంగా వినిపిస్తోంది. "సిటీలో సైకిల్ అంటే చావే, అమ్మేసి బైకు కొనుక్కో." 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో వందకి 44 మంది మోటారు ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్లు, సైకిళ్ల మీదున్నవాళ్లు ముగ్గురి లోపు. రోడ్డు మీద బైకులే ఎక్కువ కాబట్టి ఈ అంకె చూపించి సైకిలే క్షేమమని చెప్పడం మోసం, నేనా పని చేయను. కానీ సైకిల్ అమ్మించి బైకు కొనిపించిన తండ్రి కొడుకుని ప్రమాదం నుంచి తప్పించానని అనుకుంటే అదీ నిజం కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సిటీలో సైకిల్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏదీ అక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద తొక్కొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, ప్రధాన రోడ్డు మీదికి సైకిళ్లనే కాదు బైకులనీ రానివ్వరు. దాని పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మాత్రం మనదే. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు, ప్రారంభించినప్పుడు రెండూ కలిపి 23 కిలోమీటర్లు. లక్ష రూపాయల సైకిల్ ఉంటేనే సిటీలో తొక్కగలరన్నదీ అబద్ధమే. మన రోడ్లకన్నా జూబ్లీహిల్స్ ఎత్తులు కాళ్లకి పని చెబుతాయి, అంతవరకు నిజం. వెనక పళ్లు ఎక్కువున్న ఫ్రీవీలు వేయించుకుంటే పాత సైకిలే ఎక్కుతుంది.

పొగ సంగతి కాస్త ఆగి చెప్పాలి. "ఆ పొగలో తొక్కితే ఊపిరితిత్తులు పోతాయి" అంటారు. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ముందుండి చేసిన అధ్యయనంలో దీన్నే లెక్కగట్టారు. గాలిలో పీఎం 2.5 ధూళి ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు ఉన్న చోట కూడా, రోజుకి గంటన్నర తొక్కేదాకా వ్యాయామం వల్ల వచ్చే మేలే ఎక్కువ, ఆపైనే నష్టం మొదలవుతుంది. గాలి అంతకన్నా శుభ్రంగా ఉంటే ఈ హద్దు ఇంకా పెరుగుతుంది. బస్టాపులో పొగ పీలుస్తూ నిలబడేవాడు మాత్రం ఏ గాలి పీలుస్తున్నాడు? వీలుంటే పెద్ద రోడ్డు వదిలి లోపలి గల్లీల్లోంచి వెళ్లండి, పొగా తగ్గుతుంది, బస్సులూ తగ్గుతాయి.

ఇక ఇళ్లలో గుసగుసగా చెప్పుకునేది, పెళ్లి కావాల్సిన కుర్రాళ్లు గట్టిగా అడగడానికి సిగ్గుపడేది ఒకటుంది. రోజూ గంటలకొద్దీ సైకిల్ తొక్కితే మగతనం పోతుందని, పిల్లలు పుట్టరని. ఈ ఒక్క మాట విని సైకిల్ మూలన పడేసినవాళ్లు నాకు తెలుసు. బ్రిటన్‌లో 5,282 మంది సైకిల్ తొక్కే మగవాళ్ల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వారంలో ఎన్ని గంటలు తొక్కుతారన్నదానికీ సంతానలేమికీ, అంగస్తంభన సమస్యకీ సంబంధం కనపడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్యులు 2,774 మంది సైకిల్ వాళ్లని ఈతగాళ్లతో, పరుగెత్తేవాళ్లతో పోల్చి 2018లో ప్రచురించిన ఫలితాల్లోనూ సైకిల్ వాళ్ల పరిస్థితి అధ్వానంగా ఏమీ లేదు. అయితే ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. అదే అధ్యయనంలో సైకిల్ వాళ్లకి ఆ చోట తిమ్మిరి ఎక్కువని, మూత్రనాళం సన్నబడే సమస్య కూడా ఎక్కువని తేలింది. కాబట్టి మన పెద్దవాళ్ల మాటలో పావు వంతు నిజముంది. ముక్కు పైకి లేచిన సీటు మీద, కదలకుండా, గంటల తరబడి కూర్చుంటే నరం నొక్కుకుంటుంది. సీటు సమంగా ఉంచుకోండి. ప్రతి కొద్ది నిమిషాలకీ పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కండి. తొక్కే సమయంలో అయిదో వంతుకన్నా ఎక్కువసేపు నిలబడేవాళ్లకి తిమ్మిరి తగ్గిందని ఆ వైద్యులే రాశారు. అయినా తిమ్మిరి రోజూ వస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించుకోండి.

సైకిల్ తీసుకెళ్లడం ఎలాగని అడిగేవాళ్లకి: రైల్లో రానివ్వరన్నది నిజం కాదు. పెట్టెలోకి ఎక్కించుకోవడం కుదరదు. పార్సిల్ ఆఫీసులో టికెట్ చూపించి లగేజీగా రాయిస్తే బ్రేక్ వ్యానులో వేస్తారు. నూజివీడు పేరున్న స్టేషను హనుమాన్ జంక్షన్ పక్కన ఉన్నా, ఈ పనికి విజయవాడ వెళ్లడమే మేలు. రైలు టైముకి బాగా ముందే చేరండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకి తిప్పి, రసాల పెట్టెల్లో గడ్డి పరిచినట్టు ఫ్రేము చుట్టూ పాత గోనె, గడ్డి చుట్టి కట్టండి. చైను పక్కన రెండు చుట్లు ఎక్కువ వేయండి. అద్దం, లైట్లు మీ సంచిలోనే పెట్టుకోండి.

వెళ్లిన మర్నాడే ఆఫీసుకి తొక్కుకుంటూ బయల్దేరకండి. మొదటి ఆదివారం పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ దారంతా ఒకసారి వెళ్లి రండి. ఏ సందు దగ్గర బండ్లు దూసుకొస్తాయో, ఏ యూటర్న్ దగ్గర దిగి నడవాలో, ఎక్కడ డ్రైనేజీ మూత కుంగి ఉందో చూసుకోండి. రెండో ఆదివారం కాస్త ఆలస్యంగా, బండ్లు మొదలయ్యాక వెళ్లండి. ఆ తర్వాతే సోమవారం.

మావాడికి ఎముక అతుక్కున్నాక వాళ్ల నాన్న ఫోన్ చేసి, ఇక సైకిల్ వద్దని చెప్పమన్నాడు. నేను ఆ మాట చెప్పలేదు. కుడి హ్యాండిల్‌కి బిగించే అద్దం ఒకటి కొని పంపాను. తండ్రితో మాత్రం గంటసేపు మాట్లాడాను, ఇక్కడ రాసిందంతా.