సంకర మామిడి రకాల పేర్లు

రెండు వేర్వేరు మామిడి రకాలను సంపర్కం చేసి రూపొందించిన రకాన్ని సంకర మామిడి అంటారు. దాని వంశాన్ని వ్రాసేటప్పుడు తల్లి రకాన్ని ముందు, పుప్పొడినిచ్చిన తండ్రి రకాన్ని తరువాత పేర్కొంటారు.

వంశము

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన మల్లిక (నీలం × దశేరి), ఆమ్రపాలి (దశేరి × నీలం) రకాలకు జనకులు ఒకటే. అయినను మల్లిక పండు పెద్దది, ఆమ్రపాలి చెట్టు పొట్టిది. కనుక జనకుల పేర్లు తెలిసినంత మాత్రాన రకాన్ని నిర్ణయించలేము.

పేర్లు

కోడూరులో రూపొందిన నీలేషాన్ (నీలం × బేనిషాన్) పేరులో జనకులిద్దరూ కనిపిస్తారు. సంగారెడ్డిలో రూపొందిన మంజీర (రుమాని × నీలం) పేరు నదిది, వంశాన్ని తెలుపదు. బేనిషాన్ అనగా బంగినపల్లియే. దీనినే సఫేదా అని కూడా అంటారు. హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మధ్య కొత్తపేటలో ఉండి, 2021లో బాటసింగారానికి తరలిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు వేసవిలో ఎక్కువగా వచ్చిన మామిడి ఇదే.

ప్రాముఖ్యత

సంకర రకపు టెంక నాటితే అదే రకం రాదు, అంటు కట్టవలసిందే. అంటు మొక్క కాపుకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. పేరు తప్పయితే, రైతుకు ఆ సంగతి అప్పుడు గానీ తెలియదు.