ఎండలు మండే వేళ మంచురాళ్ళు ఎక్కడివి?

ఏప్రిల్ నెల. రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి పరిసరాల్లో యాసంగి వరి కోతకు వచ్చే కాలం. మధ్యాహ్నమంతా ఎండ నిప్పులు చెరుగుతుంది. సాయంత్రానికి ఒక దిక్కు నుంచి నల్లని మబ్బు కమ్ముకొస్తుంది. ఈదురుగాలి లేస్తుంది. అంతలోనే ఇంటి పెంకుల మీద టపటపమని చప్పుడు! రాళ్ళవాన! పది నిమిషాలు పడితే చాలు, కంకుల్లోని గింజలు మడిలోకి రాలిపోతాయి. నాలుగు నెలల కష్టం నేలపాలవుతుంది.

వీర్నపల్లిలో చలికాలంలో కూడా చెరువు నీరు గడ్డకట్టదు. మరి ఇంత ఎండలో ఆకాశం నుంచి మంచుగడ్డలు ఎలా పడుతున్నాయి? జవాబు కోసం ముందు ఒక చలిదేశానికి వెళ్ళి వద్దాం.

సరస్సు కురిపించే మంచు

ఉత్తర అమెరికాలో ఈరీ అనే పెద్ద సరస్సు ఉంది. దాని పొడవు సుమారు 388 కిలోమీటర్లు. తూర్పు కొసన బఫెలో నగరం ఉంది. నవంబరులో అక్కడికి గడ్డకట్టించే చలిగాలి వస్తుంది. కాని వేసవి వేడిని దాచుకున్న సరస్సు నీరు అంత త్వరగా చల్లబడదు. ఆ నీటి మీదుగా సాగే చలిగాలి అడుగున వేడెక్కి, నీటి ఆవిరిని నింపుకొంటుంది. వెచ్చని గాలి తేలిక కదా, అది పైకి లేస్తుంది. పైనున్న చలిలో ఆవిరి మంచురేకులుగా మారి ఒడ్డున కురుస్తుంది. 2022 నవంబరులో బఫెలోకు దక్షిణాన కొన్ని చోట్ల ఇలా రెండు మీటర్ల మంచు పేరుకుంది.

విచిత్రమేమిటంటే, చలి ముదిరి సరస్సు గడ్డకడితే ఈ మంచు బాగా తగ్గిపోతుంది! అంటే చలి ఒక్కటే చాలదు. పైన చలి, కింద వెచ్చదనం, రెండూ కావాలి.

మబ్బులో పెరిగే రాయి

మన దగ్గర సరస్సు చేసే పనిని కాగిన నేల చేస్తుంది. తేమను బంగాళాఖాతం మీది గాలి తెచ్చిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల దగ్గర 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉన్నా, సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. అంతకు పైన ఇంకా చలి. కింద, పైన ఇంత తేడా ఉండటంతో తేమగాలి రివ్వున పైకి దూసుకుపోతుంది. అలా ఏర్పడిన క్యుములోనింబస్ మేఘం పన్నెండు కిలోమీటర్లు దాటి కూడా ఎదుగుతుంది.

ఆ మబ్బులో సున్నా కన్నా చల్లబడినా ఇంకా గడ్డకట్టని నీటిబొట్లు ఉంటాయి. అవి ఒక మంచుపలుకును తాకగానే దానికి అంటుకొని గడ్డకడతాయి. పలుకు రాయిగా పెరుగుతుంది. పైకి ఎగిసే గాలి మోయగలిగినంత సేపు మోస్తుంది. మోయలేనప్పుడు రాయి పడిపోతుంది. చిన్నరాళ్ళు దారిలోనే కరుగుతాయి. పెద్దవి మన పొలం దాకా వస్తాయి.

ముందే చెప్పగలమా?

సరస్సు మంచు విషయంలో నిపుణులు ముఖ్యంగా రెండు సంగతులు చూస్తారు. నీటికీ, సుమారు కిలోమీటరున్నర ఎత్తున ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల తేడా ఉందా? గాలి ఏ దిక్కుకు వీస్తోంది? సరస్సు కదలదు గనుక మంచు ఏ ఒడ్డున పడుతుందో ఒకటి రెండు రోజుల ముందే చాలావరకు చెప్పవచ్చు.

రాళ్ళవానకు అలాంటి స్థిరమైన చోటు లేదు. హైదరాబాదు వాతావరణ కేంద్రం బెలూన్లతో పైగాలి ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచి, ఫలానా జిల్లాల్లో రాళ్ళు పడే అవకాశం ఉందని ముందురోజే హెచ్చరించగలదు. కాని ఏ ఊరి మీద అన్నది మబ్బు పుట్టాకే తెలుస్తుంది. అప్పుడు డాప్లర్ రాడార్ తరంగాలను పంపుతుంది. పెద్ద రాళ్ళున్న మబ్బు వాటిని చాలా బలంగా తిప్పికొడుతుంది. దాన్ని చూసి రాబోయే మూడు గంటలకు హెచ్చరిక ఇస్తారు.

2023 మార్చిలో రాళ్ళవానలకు తెలంగాణలో ఎన్నో జిల్లాల పంటలు దెబ్బతిన్నాయి. నష్టపోయిన రైతులకు ఎకరానికి పదివేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మూడు గంటల్లో నిలిచివున్న పంటను కాపాడలేం. కాని కల్లంలోని వడ్లను కుప్పచేసి పరదా కప్పవచ్చు, పశువులను కొట్టంలోకి తోలవచ్చు, చెట్టుకింద నిలబడకుండా ఇల్లు చేరి పిడుగు నుంచి తప్పించుకోవచ్చు. ఇంట్లో ఫోనుకు వచ్చిన హెచ్చరికను చదివి పెద్దలకు చెప్పే పని మీదే!

ఈసారి రాళ్ళవాన, ఉరుములు పూర్తిగా ఆగిన తర్వాత ఒక పెద్ద రాయిని తెచ్చి రెండుగా పగలగొట్టి చూడండి. తెల్లని పొరలు, గాజులాంటి పొరలు కనిపించవచ్చు. నీరు చటుక్కున గడ్డకడితే గాలిబుడగలు చిక్కుకొని పొర తెల్లగా ఉంటుంది. నెమ్మదిగా గడ్డకడితే బుడగలు బయటికి పోయి పొర తేటగా ఉంటుంది. ఆ రాయి మబ్బులో చేసిన ప్రయాణమంతా ఆ పొరల్లో దాగి ఉంది. కరిగిపోయేలోగా లెక్కపెట్టండి!