బజారు బాగు చెయ్యమని అడిగేది ఎట్లా?

సెలవులకు ఇళ్లకు పోయినప్పుడు అందరం చూసేదే. వాన పడితే బజారంతా బురద, పగిలిన మోరీ, దాని మీద దోమలు. పెద్దవాళ్లను అడిగితే "చెప్పినం, చేస్తమన్నరు" అంటారు. ఎవరికి చెప్పినరు, ఎప్పుడు చెప్పినరు అంటే జవాబు ఉండదు. నోటిమాటకు తేదీ ఉండదు కదా!

ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. ఊరి లోపలి బజార్లు, మోరీలు గ్రామపంచాయతీవి. ఊరి నుంచి ఊరికి పోయే రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగు వాళ్లవి. పెద్ద రోడ్లు ఆర్ అండ్ బి వాళ్లవి. మన ఏజెన్సీలో కొన్నింటిని గిరిజన సంక్షేమ ఇంజనీరింగు విభాగం వేస్తుంది. ఒకరి రోడ్డుకు ఇంకొకరికి దరఖాస్తు ఇస్తే ఆ కాయితం బీరువాలో నిద్రపోతుంది. సగం ఆలస్యం ఇక్కడే అని నా అభిప్రాయం.

"రోడ్డు బాగాలేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "పోచమ్మ గుడి నుంచి బోరింగు దాకా 60 అడుగుల మోరీ పగిలింది, బోరింగు చుట్టూ మురికినీళ్లు నిలుస్తున్నాయి" అని రాయాలి. ఎప్పటి నుంచో కూడా రాయాలి. కింద ఆ బజారు వాళ్ల సంతకాలు, వేలిముద్రలు. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకటి కార్యదర్శికిచ్చి, రెండోదాని మీద ముట్టినట్లు సంతకం, తేదీ వేయించుకోవాలి. ఆ రెండో కాపీయే మన బలం. (మన డార్మిటరీ బల్బుకు కూడా ఇట్లాగే రాస్తే వార్డెన్ సారు నవ్వుతారేమో!)

ఒక్కోసారి పంచాయతీలో నిజంగానే డబ్బులుండవు. చిన్న ఊళ్లో ఇంటిపన్ను ఎంత వస్తుంది? గ్రాంటు కోసం చూడాల్సిందే. కార్యదర్శిని తిట్టినా గ్రాంటు రాదు. కానీ వచ్చిన డబ్బు ఏమైందని అడగవచ్చు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో పంచాయతీ తను పనులకు పెట్టిన ఖర్చుకు గ్రామసభ నుంచి ధ్రువీకరణ తీసుకోవాలి. మనవాళ్లు చాలామంది రిజిస్టరులో వేలిముద్ర వేసి వచ్చేస్తారు. అది చదివించుకుని వెయ్యాలి.

అప్పటికీ పని కాకపోతే మండలంలో ఎంపీడీఓకు, లేదా సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి ఇవ్వాలి. రసీదు మరవొద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద "మా దరఖాస్తు మీద ఏం చేశారు?" అని కూడా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రామస్థాయిలో దీనికి రుసుము లేదు.

దరఖాస్తు నమూనా పక్క చార్టు మీద అంటించాం. దసరా సెలవుల లోపల నోటుబుక్కులో ఎక్కించుకోండి. చార్టు మాత్రం చింపకండి.