ఏసీ చల్లబరచడం లేదా? గ్యాస్‌ నింపించే ముందు ఇవి చూడండి

ఏసీ తిరుగుతోంది, గాలీ వస్తోంది. గది మాత్రం చల్లబడదు. మెకానిక్‌ వచ్చీ రాగానే ‘గ్యాస్‌ అయిపోయింది’ అంటే వెంటనే సరేననకండి. ఏసీలో గ్యాస్‌ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. అది సరిచేయకుండా నింపితే మీ డబ్బు వృథా.

ముందు మీరే చూడండి

* రిమోట్‌లో ‘కూల్‌’ మోడ్‌, 24 డిగ్రీలు పెట్టండి. ఫ్యాన్‌ మోడ్‌లో ఉంటే ఉత్త గాలే వస్తుంది.
* స్విచ్‌ ఆపి ఫిల్టర్లు కడగండి, ఆరాక బిగించండి.
* బయటి యూనిట్‌కు అడ్డుగా ఉన్న సామాన్లు తీసేయండి.
* లోపలి కాయిల్‌పై మంచు పేరుకుంటే ఏసీ ఆపి కరగనివ్వండి. ఫిల్టర్లు కడిగాకా పేరుకుంటే లీకేజీని అనుమానించాలి.

బయటి యూనిట్‌ మూత మీరు తెరవొద్దు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో ఛార్జ్‌ మిగిలి ఉండొచ్చు.

రాత్రిపూటే ఇబ్బందా?

వేసవి రాత్రుల్లో వీధిలో అందరూ ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోవచ్చు. అప్పుడు కంప్రెసర్‌ ఆగి, లోపలి ఫ్యాన్‌ ఒక్కటే తిరుగుతుంది. స్టెబిలైజర్‌లో ఇన్‌పుట్‌ 230 వోల్టులకు బాగా తక్కువ చూపిస్తోందా? పక్కింట్లోనూ అంతేనా? అయితే లోపం ఏసీది కాదు, లైన్‌ది. ఏపీ, తెలంగాణల్లో 1912కు ఫోన్‌ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

గ్యాస్‌ నింపక తప్పదంటే?

లీకేజీ ఎక్కడుందో చూపించమనండి. వారంటీ కార్డు చూడండి. రసీదు తప్పక తీసుకోండి. సర్వీసులో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ రసీదే మీకు ఆధారం.